పిండిలో లేని పాలు

పొద్దున్నుంచి ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపు ఉబ్బి పేలిపోయేలా ఉంది. మా అవ్వకు, అంటే అమ్మకు, చెప్పాను, బాపుకు చెప్పాను, నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ పక్కింటావిడకు చెప్పాను. ఆమె అంతా విని, "అయితే ఏందట?" అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. అయితే ఏందో తెలియాలంటే ముందు దెబ్బల సంగతి చెప్పాలి. నా చెంప వాచింది, చేయి కాలింది, మా మామ నుదుటికి ఐదు కుట్లు పడ్డాయి. ఇదంతా ఒక టోస్టు వల్ల జరిగిందంటే ఎవరూ నమ్మరు.

మాది చంద్రాపూర్‌లో లాల్‌పేట్. బాపు పెద్దపల్లి వైపు నుంచి బొగ్గుబావి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఇంట్లో డిగ్రీ పాసయిన మొదటి మనిషిని నేను. బీఎస్సీ, కెమిస్ట్రీ. నా బడి చదువంతా మరాఠీలో సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం బాపు గోడమీది క్యాలెండర్ ముందు కూర్చోబెట్టి నేర్పాడు. నా పట్టా వచ్చిన రోజు దానికి అద్దం కట్టించి, దేవుడి పటాల కంటే జానెడు పైకి మేకు కొట్టి వేలాడదీశాడు. అవ్వ కొట్లాడింది. "దేవుళ్ల నెత్తిమీద పెడుతవా?" అంది. "దేవుళ్లల్ల బీఎస్సీ ఎవడు చేసిండే?" అన్నాడు బాపు.

కాలేజీలో నాకొక స్నేహితురాలు ఉంది. మరాఠీ పిల్ల. మా కాలనీ పక్కనే పెరిగింది కాబట్టి మా తెలుగు గడగడ మాట్లాడుతుంది. ఆమె పాలు తాగదు, పెరుగు ముట్టదు, నెయ్యి వాసన వస్తే లేచిపోతుంది. జంతువు నుంచి వచ్చింది ఏదైనా సరే, తేనెతో సహా వదిలేసింది. అలాంటి వాళ్లను వీగన్ అంటారని నాకు చెప్పింది కూడా ఆమే. ఎందుకు వదిలేశావని ఒకసారి అడిగాను. భద్రావతి దగ్గర వాళ్ల అత్త ఊళ్లో బర్రె ఈనిందట. దున్నపోతు దూడకు తాగడానికి సరిగ్గా పాలు వదల్లేదు, అది ఎండి ఎండి చచ్చిపోయింది. దూడ కనిపించకపోతే బర్రె పాలు చేపదని, చచ్చిన దూడ తోలు ఒలిచి, లోపల గడ్డి కుక్కి, సూదితో కుట్టి బర్రె ముందు నిలబెట్టారు. బర్రె ఆ తోలును నాకుతూ నిలబడితే వెనక పాలు పిండారు. ఈ పిల్ల గ్లాసు పట్టుకుని పక్కనే ఉంది. ఆ గ్లాసు గోడకేసి కొట్టి ఇంటికొచ్చింది, అంతే.

నేనా, ఆదివారం మటన్ లేకపోతే అన్నం దిగని మనిషిని. అయినా జాబితా ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. ఏ పొట్లంలో ఏముంది, ఏది మొక్క నుంచి వచ్చింది, ఏది జంతువు నుంచి వచ్చింది, ఏది ఎక్కడిదో తెలియదు. ఇంతే రాయాలి. ఫోన్‌లో అందరికీ తెరిచి ఉండే పట్టిక అది. ఎవరైనా చూడొచ్చు, చేర్చొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. కొనమనీ వద్దనీ మాత్రం చెప్పకూడదు. మొదట్లో ఆమె "హింస" అని ఒక గడి పెట్టింది. నేను తీసేశాను. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసేశాను. క్యాంటీన్‌లో స్టీలు గ్లాసు నా మీదికి విసిరింది, భుజానికి తగిలింది.

"నువ్వు మటన్ తినేదానివి, నీకేం తెలుస్తది!" అంది.

"గందుకే నా చేతుల ఉండాలె. నువ్వు రాస్తే నీ కోపం రాసినవ్ అంటరు. నేను రాస్తే నమ్ముతరు."

ఆమె చాలాసేపు నన్ను తిట్టింది, తర్వాత గ్లాసు ఏరుకొచ్చి టేబుల్ మీద పెట్టి, "సరే, బరోబర్ ఉంది" అంది.

వీగన్లు ఈ చంద్రాపూర్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కానీ జాబితా చూసేవాళ్లు వేరే చాలామంది తేలారు. మెడలో తులసిమాల వేసుకుని గుడ్డు, మాంసం వదిలేసిన మాళకరీలు చూశారు. కందగడ్డ కూడా తినని వ్యాపారస్తుల ఇళ్లవాళ్లు చూశారు. ఉప్పర్వాహి సిమెంటు కాలనీ నుంచి ఒకావిడ వారం వారం కొత్త పొట్లాల ఫోటోలు పంపేది. మాజ్రి నుంచి ఒక తెలుగు అక్క ఫోన్ చేసేది. ఆమె భర్త అక్కడి బొగ్గు గనిలో పని. నాలుగేళ్ల పాప ఉంది. పాలు ఒక్క చుక్క లోపలికి పోయినా ఆ పాప పెదాలు ఉబ్బి, గొంతు మూసుకుపోయి, ఊపిరి ఆగుతుంది. పుట్టినప్పటి నుంచి రెండుసార్లు చావు దాకా వెళ్లి వచ్చింది. వీగన్ అనే మాట ఆ అక్కకు తెలియదు. ఆమెకు కావాల్సింది ఒకటే.

"చెల్లె, గీ బిస్కిట్ల పాలున్నయా లేవా? గంత చెప్పు చాలు."

ఆ పాప ఊపిరి మా పట్టికలోని ఒక గడి మీద ఆధారపడి ఉందని నాకు తెలుసు. తెలిసే చేశాను నేను చేసిన పని.

మా పట్టికకు ఒక నియమం ఉంది. ప్రతి వరుస చివర ఇద్దరి పొడి అక్షరాలు, చూసిన తారీఖు ఉండాలి. ఇద్దరూ కళ్లతో చూస్తేనే రాయాలి. అది బాపు బావిలోంచి తెచ్చుకున్న నియమం. బాపు లోపల పైకప్పుకు చెక్క మొద్దులు నిలబెట్టే పని చేసేవాడు. ప్రతి పాళీకి, అంటే షిఫ్టుకు ముందు, కప్పు తనిఖీ చేసే సర్దార్ వచ్చి, కర్రతో కప్పు తట్టి, చప్పుడు విని, గోడ మీద చాక్‌పీస్‌తో తారీఖు, తన పేరు పొడి అక్షరాలు రాస్తేనే మనుషులు లోపలికి వెళ్లాలి. ఒకరోజు సర్దార్ చేయి మాత్రం లోపలికి చాపి గోడ మీద రాసి వెళ్లిపోయాడు. తట్టలేదు, వినలేదు. బాపు జతగాడు ఆ రాత చూసి వెళ్లాడు. కప్పు మొత్తం అతని మీద పడింది. బాపు చేతులతో బొగ్గు తవ్వి అతన్ని బయటికి లాగితే, నడుము పైభాగం మాత్రం వచ్చింది. ఈ సంగతి బాపు అన్నం తింటూ చెప్తాడు. చెప్పి మళ్లీ ముద్ద కలుపుకుంటాడు. మాకు అలవాటు.

అలాంటి ఇంట్లో పుట్టి నేను చూడకుండా రాశాను.

మా మేనమామకు లాల్‌పేట్ రోడ్డు మీద బేకరీ ఉంది. టోస్టు, పొరలు పొరలుగా విరిగే ఖారీ, అంతే. అవ్వకు ఒక్కడే తమ్ముడు. నన్ను భుజాల మీద మోసిన మనిషి. బేకరీ సరుకు మీద ముద్రించిన చీటీ ఉండదు కదా, అడిగి రాయాలి. మా పట్టికలో దానికి ఒక గడి ఉంది, "పిండిలో కలిపేవి" అని. నేను ఫోన్ చేశాను.

"మామా, టోస్టు పిండిల పాలు కలుపుతరా?"

"పోచమ్మ తల్లి మీద ఒట్టు బిడ్డా. పిండిల పాల చుక్క ఉంటే నా చెయ్యి పడిపోనీ. మైదా, డాల్డా, చక్కెర, ఈస్టు, ఉప్పు. రాసుకో."

రాసుకున్నాను. నా పొడి అక్షరం వేశాను. స్నేహితురాలిని రమ్మన్నాను చూడ్డానికి. "అగ, నీ మామే కదా, మల్ల చూసేదేంది?" అంది. ఆమె అక్షరం కూడా వేసింది. పాలు లేవు, గుడ్డు లేదు. ఇద్దరు చూశారు. తారీఖు.

తర్వాత ఒక ఆదివారం పొద్దున గోల్ బజార్‌లో వంకాయలు ఏరుతున్నాను. వెనక నుంచి ఎవరో నా జడ పట్టుకుని గుంజారు. తిరిగేలోపే చెంప మీద పడింది. కళ్ల ముందు తెల్లగా అయిపోయింది. వంకాయల బుట్ట మీద పడ్డాను. ఇంకోటి చెవి మీద పడింది. అప్పుడు చూశాను, మాజ్రి అక్క. ఫోటోలో తప్ప ఎప్పుడూ చూడలేదు. చంకలో పాప. పాప పెదాలు ఇంకా ఉబ్బే ఉన్నాయి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది, తొడ మీద సూది గుచ్చిన చోట నల్లగా కమిలింది.

"నువ్వేనా? సదువుకున్నదానివి నువ్వేనా? పాలు లేవని రాసినవ్ కదనే! నా బిడ్డ నీలం పడ్డది! నా చేతుల్ల నీలం పడ్డదే!"

"అక్కా, ఏం తిన్నది?"

"నీ మామ టోస్టు! నువ్వు సూసినవని రాసినవ్! సూసినవా? నా కండ్లల్లకు సూసి చెప్పు, సూసినవా?"

చుట్టూ జనం మూగారు. కూరగాయలామె ఆమె చేయి పట్టుకుని లాగబోయింది. నేను చూడలేదని చెప్పాను. ఆమె నా జడ వదిలేసింది. ఆ వదలడం రెండు చెంపదెబ్బల కంటే గట్టిగా తగిలింది. తర్వాత ఆమె ఉమ్మి, పాపను భుజానికేసుకుని వెళ్లిపోయింది.

నేను వంకాయలు అక్కడే వదిలేసి తిన్నగా బేకరీకి నడిచాను. చెవిలో హోరు. వెనక తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. ఎన్నేళ్లుగానో మామ దగ్గర పనిచేసే పెద్దమ్మ ఒకామె కింద కూర్చుని, పళ్లెంలో పేర్చిన పచ్చి టోస్టు రొట్టెల మీద కుంచెతో తెల్లటి నీళ్లు రాస్తోంది. పక్కన పెద్ద డబ్బా. పాలపొడి.

"పెద్దమ్మా, గిదేంది?"

"పాలిష్ బిడ్డా. గిది రాస్తెనే ఎర్రగ మెరుస్తది."

"పాలు కదా!"

"పాలెట్లయితది? పిండిల ఏడ కలిపిన? మీదికెల్లి రాసిన, గంతే." ఆమె నా మొహం వంక జాలిగా చూసింది, ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు.

మామ అబద్ధం చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ముందు వాళ్లు మెరుపు కోసం గుడ్డు సొన రాసేవాళ్లు. మాళకరీ గిరాకీలు వచ్చి గుడ్డు ఉంటే ముట్టం అన్నారని, మామ గుడ్డు మానేసి పాలు పెట్టాడు. పాలు పెట్టాక సరుకు పవిత్రమైందని అతని నమ్మకం. పిండిలో వేసేది సరుకు, పైన రాసేది సింగారం. మా గడి కూడా పిండి సంగతే అడిగింది. అతను పిండి సంగతే చెప్పాడు.

మామ రొట్టెలు కాల్చే భట్టీ దగ్గర నుంచి వచ్చాడు. జరిగింది చెప్పాను. పాప నీలం పడిందని చెప్పాను. జాబితాలో మార్చేస్తున్నానని చెప్పాను.

"ఏమని మారుస్తవ్?"

"పాలు ఉన్నయని."

"నన్ను ఝూటగాడు అంటవా? పోచమ్మ మీద ఒట్టేసిన నేను! గుడ్డు బందు పెట్టి పాలు రాస్తున్న. గింత పవిత్రంగ ఎవడు చేస్తుండు ఈ చంద్రాపూర్ల? పాలంటే అమృతం. అమృతంతోని పోరికి ఏమైతదే?"

"చచ్చిపోతది మామా! చచ్చిపోతది!"

అతను చేతిలో ఉన్న పళ్లెం విసిరాడు. అప్పుడే భట్టీలోంచి తీసిన ఇనప పళ్లెం. మొహానికి అడ్డం చేయి పెట్టాను. మోచేతి కింద చర్మం పళ్లానికి అంటుకుని ఊడింది. ఆ వాసన నాకు గుర్తుంది. ఆదివారం మటన్ పొయ్యి మీద అడుగంటితే వచ్చే వాసనే అది. మామ కూడా ఆ వాసనకు ఆగిపోయాడు. పెద్దమ్మ కెవ్వున అరిచి నా చేయి నీళ్ల బకెట్‌లో ముంచింది.

సరిగ్గా అప్పుడే ముందు గదిలో అద్దాలు పగిలాయి. మాజ్రి నుంచి రెండు బండ్ల మీద నలుగురు వచ్చారు, పాప తండ్రి, అతని తమ్ముళ్లు. కౌంటర్ అద్దం మీద రాళ్లు, గాజు బరణీల మీద కర్రలు. టోస్టులు నేల మీద పోసి బూట్లతో తొక్కారు. ఖారీలు పొడి పొడి అయి గాల్లో లేచాయి. మామ బయటికి పరిగెత్తాడు. ఒక రాయి అతని నుదుటికి తగిలింది. రక్తం కంట్లోకి, మీసంలోకి కారింది. అతను అలాగే ముందుకెళ్లి పాప తండ్రి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ గాజు పెంకుల్లో దొర్లారు.

తడి చేయి పట్టుకుని నేను మధ్యలోకి దూకాను. ధైర్యమేమీ కాదు, అప్పటికి నాకు బుర్ర పనిచేయడం లేదు.

"ఆయనను కాదు, నన్ను కొట్టుండ్రి! రాసింది నేను! చూడకుంట రాసిన!"

పాప తండ్రి నా చేయి చూశాడు. తోలు వేలాడుతోంది. అతని చేతిలో కర్ర అలాగే ఉంది. "ఈమె చెయ్యి ఎవడు కాల్చిండు?" అని అడిగాడు. మామ నేల మీద కూర్చుని నుదురు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. వాళ్లు ఇంకో రెండు బరణీలు పగలగొట్టి, అదీ మనసు పెట్టకుండా, బండ్లెక్కి వెళ్లిపోయారు.

సాయంత్రం మామ తలకు కట్టుతో మా ఇంటికొచ్చాడు. అప్పటికే నేను మార్చేశాను. "పిండిలో పాలు లేవు. పైన పాలపొడి నీళ్లు రాస్తారు. ఇంతకు ముందు పాలు లేవని రాసింది తప్పు. ఇద్దరం చూడకుండా అక్షరాలు వేశాం." కింద నా అక్షరం, పెద్దమ్మను అడిగి ఆమె అక్షరం. పాత వరుసను తుడిచేయలేదు, గీత కొట్టి ఉంచాను.

"తీసెయ్" అన్నాడు మామ.

"తియ్య."

"నా గిరాకీ పోతది. మాళకరీలు, నీ దోస్తులు, అందరు పోతరు. తీసెయ్యే."

"మాళకరీలు పాలు తాగుతరు మామా, వాళ్లు పోరు. గది ఎవరి కోసం రాసిన్నో వాళ్లు సదివితే చాలు."

అతను గోడ మీది నా పట్టా పీకి నేలకేసి కొట్టాడు. "గిదేనా నీ సదువు? గీ కాయితం కోసం మేనమామను బజారుకు ఈడుస్తవా?" మడమతో తొక్కాడు. అద్దం పగిలి అతని చెప్పులోంచి కాల్లోకి దిగింది. అవ్వ పెంకులు ఏరబోయి వేలు కోసుకుంది, తమ్ముడి కాళ్లు పట్టుకుంది, నా కాళ్లు పట్టుకుంది, ఎవరి కాళ్లు పట్టుకుంటే ఇది ఆగుతుందో ఆమెకు తెలియలేదు. బాపు లేచి మామ మణికట్టు పట్టుకున్నాడు. చెక్క మొద్దులు ఎత్తిన చేయి అది. మామ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"బిడ్డ చెయ్యి కాల్చినవ్. పో" అన్నాడు బాపు.

మామ వెళ్లాక నా వైపు తిరిగాడు. నన్ను వెనకేసుకొస్తాడని అనుకున్నాను. "మొదాలు ఎవరి అక్షరం ఉండె గాడ?" అని మాత్రం అడిగాడు. నాదేనని చెప్పాను. ఆ తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ పది రోజులూ ఫోన్‌లో యుద్ధం. స్నేహితురాలు, ఆమె వెనక నాగ్‌పూర్ నుంచి ఎవరెవరో, ఆ వరుసలో "పాపను చంపబోయిన బేకరీ" అని రాయాలన్నారు. రాశారు కూడా. నేను తీసేశాను. నన్ను అమ్ముడుపోయిన దాననీ, పిరికిదాననీ తిట్టారు. ఇంకోపక్క మా చుట్టాలు వరుస మొత్తం తుడిచేయమన్నారు. ఒకాయన నన్ను గొంతు పిసికి బావిలో వేయాలన్నాడు. రెండు వైపుల తిట్లూ చదివీ చదివీ, చివరికి ఏది ఎవరిదో నాకు గుర్తుండటం మానేసింది. స్నేహితురాలు మా ఇంటికొచ్చి అరిచింది.

"ఒక పోరి సచ్చిపోతుండె! నువ్వేమో పైన పాలు రాస్తరు అని రాస్తవా? గంతేనా?"

"గా పోరి తల్లికి కావాల్సింది గంతే. పాలు ఏడ ఉన్నయో. మామ ఎసొంటోడో ఆమెకెందుకు? నీ అక్షరం గుడ ఉండె కదా, పాపను చంపబోయిన దాంట్ల నీ పేరు గుడ రాయాల్నా?"

ఆమె నా కాలిన చేతి మీద కొట్టింది. పుండు మళ్లీ పగిలింది. తర్వాత ఇద్దరం కూర్చుని ఏడ్చాం, ఆమే దూది తెచ్చి కట్టు కట్టింది. ఆ సాయంత్రమే పట్టికలో కొత్త గడులు గీశాం. పైన రాసేవి. చల్లేవి. పళ్లానికి పూసేవి. అదే గదిలో ఉన్నవి. పాత వరుసలన్నీ మళ్లీ చూడటం మొదలుపెట్టాం. ఉప్పర్వాహిలో ఒక దోసెల బండి దొరికింది. పిండిలో నెయ్యి లేదు, పైన వేసేది నూనె, కానీ పెనం రుద్దే గుడ్డ మూటను నెయ్యిలో నానబెడతాడు. ఆ అమ్మేవాడికి కూడా అది నెయ్యి వాడటం అనిపించలేదు.

నెల అయింది, ఇంకొంచెం ఎక్కువే అయింది. మొన్న మామ ఫోన్ చేశాడు. పలకరింపు లేదు.

"రా. సూసి రాసుకో. పాలు బందు పెట్టిన. చక్కెర పాకం రాస్తున్న. గా మాజ్రిదాన్ని గుడ తోలుకరా. ఆమె కండ్లతోని సూడాలె, నేను ఝూటగాన్నా కాదా."

మాజ్రి అక్క వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. చెంగు నడుముకు బిగించి, కొట్లాటకు వచ్చినట్టే వచ్చింది. పాపను బయట రోడ్డు మీదే మా అవ్వ దగ్గర వదిలింది, లోపలికి తేలేదు. మామకు దండం పెట్టలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపుకు భట్టీ ఆరిపోవాలి. ఆమె పాకం గిన్నెలో వేలు ముంచి చీకింది. కుంచె వాసన చూసింది. పళ్లేలు గోళ్లతో గీకింది. గంటసేపు అలాగే వెతికింది. ఆఖరికి మూలకు వేలు చూపించింది.

"గదేంది?"

పాలపొడి డబ్బా. సగం ఉంది.

"గది వాడుతలేం. ఊకెనే ఉంది" అన్నాడు మామ.

"ఉన్నది కదా. రాయి చెల్లె. అదే గదిల పాలపొడి ఉన్నది."

"వాడుతలేనంటున్న కదనే!"

"నువ్వు మొదాలు గుడ లేవనే అన్నవ్."

మామ మెడ నరాలు ఉబ్బాయి. నేను చేయి దాచుకున్నాను. అతను డబ్బా రెండు చేతులతో ఎత్తి, ముందు గదిలోంచి పరిగెత్తుకెళ్లి, ఎదురుగా ఉన్న మురికి కాలవలోకి విసిరి కొట్టాడు. మూత ఎగిరింది. తెల్లటి పొగ లేచి కాలవ మీద పడింది. "ఇగ రాస్తవా? ఇగనన్న రాస్తవా?" అని అరిచాడు.

అక్క ఎగిరిన పొడి వైపు, పాప నిలబడ్డ దూరం వైపు చూసింది. పరిగెత్తి పాపను ఇంకో ఇరవై అడుగులు వెనక్కి లాక్కెళ్లింది. అక్కడి నుంచే అరిచింది.

"గోడలు కడుగు! పళ్లాలు సోడాతోని తోము! కుంచె కాలబెట్టు! రేపు మల్ల వస్త!"

"కడుగుత! రా నువ్వు!" అని మామ కూడా అరిచాడు.

కడిగాడు. నేనూ, పెద్దమ్మా, బాపు కూడా వెళ్లి కడిగాం. బాపు నిచ్చెనెక్కి పైకప్పు కూడా తుడిచాడు. నిన్న ఆమె మళ్లీ వచ్చి అంతా చూసింది. ఆమె కళ్ల ముందే కొత్త వాయి తీశారు. నా ఫోన్ తీసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తన అక్షరం తనే వేసింది. ఒక పొట్లం కొని సంచిలో పెట్టుకుంది. పాప చేయి చాపితే ఇవ్వలేదు.

"ఇయ్యాల గాదు. డాక్టరమ్మను అడిగిన. రేపు పొద్దుగాల ఆమె డ్యూటీకి వచ్చినంక, దవాఖానల ఆమె ముంగట కూసొని తినిపిస్త. జరంత జరంత."

పగిలిన కౌంటర్‌కు కొత్త అద్దం ఇంకా రాలేదు, మామ అట్టముక్క అడ్డం పెట్టాడు. దాని వెనక నిలబడి గోళ్లు కొరుకుతున్నాడు.

ఈ పొద్దున ఫోన్ వచ్చింది. నేను ఎత్తేసరికి అవతల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. "అక్కా, ఏమైంది? అక్కా!" అని అరిచాను. బాపు చేతిలోంచి చాయ్ గ్లాసు జారింది.

"ఏం కాలే చెల్లె, ఏం కాలే!" అక్క నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. "ముక్క తిన్నది. గంట ఆగినం. ఇంకో ముక్క తిన్నది. మల్ల ఆగినం. ఒక టోస్టు మొత్తం తిన్నది. డాక్టరమ్మ ఇగ సాలు అన్నది. ఇంకోటి ఇయ్యమని దవాఖాన గేటు ముంగట మట్టిల పడి పొర్లుతుంది లంజముండ! నా చెయ్యి కొరికింది! రకుతం వచ్చింది చెల్లె!"

నేను చెప్పులు కూడా వేసుకోకుండా మామ బేకరీకి పరిగెత్తాను. మామ భట్టీలోకి పళ్లెం తోస్తున్నాడు. చెప్పాను. ఆ పళ్లెం అలాగే సగం లోపల, సగం బయట వదిలేసి నిలబడిపోయాడు. ఒక వాయి మొత్తం మాడిపోయింది.